రెండు ఎడమ రెక్కలు

దేవరాజులు ముప్ఫై నాలుగేళ్ళు ఇతరుల తప్పుల మీద బతికాడు. అరవదేశంలో ఆవడి పక్క ఒక ఫ్యాక్టరీలో డ్రాయింగులు సరిచూసే ఉద్యోగం. ఇంజనీర్లు గీసి పంపిన కాగితాల మీదికి ఎర్ర పెన్సిలుతో వంగి, కొలత తప్పిన చోటల్లా సున్నా చుట్టి వెనక్కి పంపడమే పని. ఆయన చేతిలోంచి సున్నా పడకుండా బయటపడ్డ కాగితం లేదని పేరు. ఆ పేరు అందరికన్నా ఎక్కువగా చెప్పుకున్నది ఆయనే.

ఉద్యోగం అయిపోయాక డ్రాయింగులు ఆగాయి కానీ సున్నాలు ఆగలేదు. తాముండే తిరువళ్ళూరు మణవాళనగర్‌లో టిఫిను హోటలు బోర్డు మీద, పెళ్ళిపత్రికల మీద, చివరికి మందుల చీటీ మీద కూడా చుట్టాడు. పెన్సిలు అందుబాటులో లేకపోతే వేలితో గాల్లో చుట్టేవాడు. ఆయన భార్య వళ్ళియమ్మ ఆ వేలును చాలాసార్లు కిందికి దించింది.

అన్నిట్లోకీ పెద్ద సున్నా ఆరేళ్ళ కిందట తిరుత్తణిలో పడింది. వళ్ళియమ్మ అన్న మునుస్వామి పట్టుచీరలు నేసే మనిషి. కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పత్రిక వేయించాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. చదువుకున్నది, ఊళ్ళో అచ్చు దొరికేది అరవం. అందుకని తెలుగు అక్షరాలు తానే పెద్దబాలశిక్ష చూసి కుదురుగా రాసి, దాన్నే అచ్చు వేయించాడు. పంక్తిలో అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు దేవరాజులు జేబులోంచి పెన్సిలు తీసి, ఆ పత్రిక మీద ‘గృహప్రవేశం’ అన్న మాట చుట్టూ సున్నా చుట్టి, పక్కన దిద్ది రాసి, ‘బావా, ఇంత ఇల్లు కట్టినావు, దాని పేరు రాసేదానికి రాలేదే’ అన్నాడు. జనం నవ్వారు. మునుస్వామి కూడా నవ్వాడు. ఆ తర్వాత ఆరేళ్ళూ బావతో ఆయన మాట్లాడింది ‘రా’, ‘తిను’, ‘పోయిరా’.

ఇలాంటి మనిషికి అరవై రెండో ఏట విమానం పిచ్చి పట్టింది.

ఒక రోజు ఫోనులో ఎర్రటి విమానం బొమ్మ కనబడింది. కామెట్ అనే పాతకాలపు పందెం విమానం. పందొమ్మిది వందల ముప్ఫై నాలుగులో ఇంగ్లండు నుంచి మెల్‌బోర్న్ దాకా జరిగిన పందెంలో గెలిచింది. దారిలో అలహాబాదులో దిగి పెట్రోలు పోయించుకుని పోయిందట. ‘మన దేశంలో దిగిపోయిన బండి’ అని దేవరాజులుకు దాని మీద బంధుత్వం లాంటిది ఏర్పడింది. అసలు దానిలో ఎనిమిదో వంతు కొలతకు ప్లాను సంపాదించి, తిరువళ్ళూరులో పెద్ద కాగితం మీద ప్రింటు తీయించాడు. బాల్సా చెక్క తెప్పించాడు. అరచేతిలో పెట్టుకుంటే ఉందో లేదో తెలియనంత తేలిక చెక్క అది. భోజనాల బల్ల ఆయన సొంతమైంది. వళ్ళియమ్మ కంచం ఒళ్ళోకి వచ్చింది.

విమానం మొండెం రెండు నెలల్లో అయింది. తర్వాత రెక్క. ప్లానులో ఎడమ రెక్క ఒక్కటే గీసి ఉంది. దాని కింద ఒక వాక్యం: కుడి రెక్క దీనికి ఎదురుచేతిది, అద్దంలో బొమ్మలా తిప్పి చేసుకోవాలి. దేవరాజులు ఆ వాక్యం చదివాడు. చదవడమే కాదు, ఎర్ర పెన్సిలుతో కింద గీత గీశాడు. అందులో ఒక కామా ఎక్కువైందని దాని చుట్టూ సున్నా కూడా చుట్టాడు. తర్వాత ప్లాను బల్ల మీద పరిచి, సన్న చెక్కలు దాని మీద పిన్నులతో గుచ్చి, అంటించి, ఆరబెట్టి, ఒక రెక్క చేశాడు. ధోవతిలో చుట్టి బీరువా మీద పెట్టాడు. మళ్ళీ అదే ప్లాను మీద, అదే వైపున, అంతే శ్రద్ధగా రెండోది చేశాడు.

చెక్క అస్థిపంజరాలు తయారయ్యాయి. ఇక వాటి మీద పలచని పట్టుగుడ్డ బిగించి వార్నిషు పూయాలి. పాతకాలపు పద్ధతి అదేనట. షాపుల్లో దొరికిన పట్టు దేవరాజులుకు నచ్చలేదు.

“మామా, అంత సన్న పట్టు కావాలంటే మా అన్న దగ్గరికే పోవాల,” అంది వళ్ళియమ్మ.

“మీ అన్న నాతో మాట్లాడతాడా?”

“నువ్వు పోయి అడిగితే మాట్లాడతాడు. ఇక్కడ కూర్చుంటే ఎట్ల మాట్లాడేది?”

ఇద్దరూ చెరొక రెక్క ఒళ్ళో పెట్టుకుని తిరుత్తణి రైలెక్కారు. అది తిరుత్తణి కొండ మీది సామికి కావడులు మోసే కృత్తిక రోజని ఇద్దరికీ గుర్తులేదు. పెట్టె నిండా పసుపు బట్టల భక్తులు, కావడులు. దేవరాజులు చేతిలో తెల్ల ధోవతి చుట్టిన పొడుగాటి వంపు మూటను చూసి ఒక ముసలామె లేచి చోటిచ్చింది. “ఏ ఊరు కావడి సామీ?” అని అడిగింది.

“తిరువళ్ళూరు,” అన్నాడు దేవరాజులు. అబద్ధం చెప్పలేదు, ఊరు అదే. ఆమె మూటను తాకి కళ్ళకద్దుకుంది. “అరోహరా!” అంది. పెట్టెంతా “అరోహరా!” అంది. దేవరాజులు కూడా అన్నాడు. వళ్ళియమ్మ కొంగు నోట్లో కుక్కుకుని తిరుత్తణి దాకా కిటికీ బయటికే చూసింది.

మునుస్వామి మగ్గం దిగి వచ్చాడు. “రా,” అన్నాడు. రెక్కల్ని మంచం మీద పెట్టించి, చేతులు కడుక్కుని వచ్చి, ఒక్కొక్కదాన్నీ తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు.

“బావా, ఇది ఏ పక్కది?”

“ఎడమ పక్కది.”

“ఇది?”

“కుడిది.”

“ఇదీ ఎడమదే గదా.”

దేవరాజులుకు జాలి వేసింది. పాపం, మగ్గం ముందు కూర్చునే మనిషి, డ్రాయింగు ఎట్లా తెలుస్తుంది? పక్కన కూర్చోబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. పై నుంచి చూడడం వేరు, కింద నుంచి చూడడం వేరు. కంటికి కుడి అనిపించింది కాగితం మీద ఎడమ అవుతుంది. దీనికి అనుభవం కావాలి. పది నిమిషాలు చెప్పాడు. మంచం అంచు మీద వేలితో గీసి కూడా చూపించాడు. మునుస్వామి అడ్డు చెప్పకుండా విన్నాడు. అంతా అయ్యాక ఒక రెక్కను తీసి రెండో దాని మీద పెట్టాడు. ఇడ్లీ ప్లేటు మీద ఇడ్లీ ప్లేటు కూర్చున్నట్టు, వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది.

“చెప్పుల జత ఇట్ల ఒకదాని మీద ఒకటి కూర్చుంటే నువ్వు కొంటావా బావా?”

దేవరాజులు పై రెక్కను తీసి కుడివైపుకు తిప్పాడు. చక్రం ముడుచుకోవలసిన గుంట ఆకాశాన్ని చూసింది. బోర్లా తిప్పాడు. గుంట కిందికి వచ్చింది, కానీ ముందంచు వెనక్కి పోయింది. నిలువుగా పట్టుకున్నాడు. మునుస్వామి, వళ్ళియమ్మ, వంటింట్లోంచి వచ్చిన మునుస్వామి భార్య మునెమ్మ, ముగ్గురూ ఆయన్నే చూస్తున్నారు. అన్ని వైపులా తిప్పడం అయిపోయాక ఇంకా తిప్పడానికి వైపులు మిగల్లేదు.

ఆయన మంచం మీద కూలబడ్డాడు. వళ్ళియమ్మ నేల మీద కూలబడింది, నవ్వలేక. “ముప్ఫై నాలుగేండ్లు...” అంటుంది, మళ్ళీ నవ్వుతుంది. మాట పూర్తి కాదు. మునెమ్మ మంచినీళ్ళు తెచ్చింది. ఎవరికి ఇవ్వాలో తెలియక ఇద్దరి మధ్యా పెట్టింది.

మునుస్వామి మాత్రం నవ్వలేదు. దేవరాజులుకు అదే కష్టంగా ఉంది. ఆరేళ్ళ బాకీ తీర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ముహూర్తం ఎవరికి దొరుకుతుంది?

“నాకూ జరిగింది బావా,” అన్నాడు మునుస్వామి. “చీరకు రెండంచులు. ఈ పక్క హంస ఇట్ల చూస్తే, ఆ పక్క హంస అట్ల చూడాల. ఒకసారి మగ్గానికి డిజైను అట్టలు తిప్పి కట్టేది మరిచిపోయినాను. పదకొండు రోజులు నేసినాను. మగ్గం మింద నుంచి దించినాకనే తెలిసె. రెండు పక్కలా హంసలు ఒకే దిక్కుకు పోతా ఉండాయి, రేషను కొట్టుకు పోయినట్ల.”

“ఏం చేసినావు?”

“ఏం చేసేది? మునెమ్మ కట్టుకునె. ఎవురూ కనిపెట్టలేదు. కనిపెట్టే మనిషి నువ్వొకడివే. నువ్వు వచ్చిన దినాల్లో మాత్రం ఆ చీర బీరువాలో ఉంటాది.”

దేవరాజులు లేచి ధోవతులు అందుకున్నాడు.

రెక్కలు మూట కట్టుకుని ఇంటికి పోతానన్నాడు. మునుస్వామి పోనివ్వలేదు. బావ సంచిలో తెచ్చుకున్న ప్లాను కాగితం తీసి నేల మీద బోర్లా పరిచాడు. కొబ్బరినూనె గిన్నె తెచ్చి గుడ్డతో వెనకవైపు రుద్దాడు. కాగితం అద్దంలా మెరిసింది. అవతలి గీతలన్నీ తిరగబడి ఇవతలికి కనబడ్డాయి. కుడి రెక్క.

“ఇంతేనా?” అన్నాడు దేవరాజులు.

“ఇంతే. మేము డిజైను తిప్పేది ఇట్లనే.”

ఒక్క పూటకని వచ్చిన దేవరాజులు తిరుత్తణిలో పంతొమ్మిది రోజులు ఉన్నాడు. ఇంట్లో మిగిలిన బాల్సా చెక్క తెప్పించి, మగ్గం పక్కన బల్ల వేశారు. అటు మునుస్వామి పోగులు, ఇటు దేవరాజులు పుల్లలు. మొదటి రెండు రోజులు ‘రా’, ‘తిను’ నడిచింది. మూడో రోజు జిగురు గురించి మాట్లాడుకున్నారు. నాలుగో రోజు కీళ్ళ నొప్పుల గురించి గంటసేపు మాట్లాడుకున్నారు.

ఐదో రోజు అన్నం వడ్డిస్తూ మునెమ్మ నోరు జారింది.

“అన్నా, నువ్వు ఆ పొద్దు పత్రిక మింద రాసి పోయినావు గదా, ఈయన దాన్ని ఎత్తుకోని నగిరికి పోయినాడు. ఆడ బడిలో తెలుగు చెప్పే అయివారు ఒకాయన ఉండాడు. ఆయన చూసి, మొదట రాసిందే సరి, ఎర్రగా రాసిందే తప్పు అన్నాడంట.”

“నువ్వు ఊరుకో,” అన్నాడు మునుస్వామి.

దేవరాజులు ముద్దను మళ్ళీ కంచంలో పెట్టాడు. ఆయనా అరవంలో చదువుకున్నవాడే. తెలుగు ఆయనకు వాళ్ళమ్మ చెప్పిన నాలుగు ముక్కలు. ఆ రోజు తాను ఏమని దిద్దాడో గుర్తుచేసుకున్నాడు. ‘గ్రుహప్రవేశం’ అని. రెండువందల మంది ముందు, అంత ధైర్యంగా.

“ఆరేండ్లుగా నీకు తెలుసునా బావా? నాకు ఒక్క మాట చెప్పరాదా?”

“చెప్తే నువ్వు ఆ అయివారికీ సున్నా చుట్టేవాడివి,” అన్నాడు మునుస్వామి. ఆ మాటలో కోపం లేదు. అదే దేవరాజులును ఎక్కువ గుచ్చింది. ఎందుకంటే అది నిజం. చుట్టేవాడే.

“ఆ పత్రిక ఉండాదా?”

ఉంది. రేకుపెట్టెలో, ఇంటి పత్రాలతో పాటు. దేవరాజులు చెయ్యి కడుక్కుని వచ్చాడు. పెన్సిలు తీసి తాను రాసిన ‘గ్రు’ను అడ్డంగా కొట్టేశాడు. పక్కన ‘మునుస్వామి రాసినదే సరి’ అని రాశాడు. రాసేటప్పుడు ప్రతి అక్షరానికీ ఆగి, బావ వైపు చూశాడు, ఇది ఒప్పేనా అన్నట్టు. కింద ఆఫీసులో చేసినట్టు పొడి అక్షరాలతో సంతకం పెట్టి, తేదీ వేశాడు.

మునుస్వామి దాన్ని వెలుతురు వైపు పట్టుకుని చూశాడు. “ఆఫీసు సంతకమా?”

“ఆఫీసు సంతకమే.”

“అట్లయితే సెరి,” అని మళ్ళీ రేకుపెట్టెలో పెట్టాడు. “రసం పోసుకో, చల్లారిపోతా ఉండాది.”

మరునాడు మునెమ్మ ఒకే దిక్కుకు పోయే హంసల చీర కట్టుకుని ఇల్లు ఊడ్చింది. దేవరాజులు చూశాడు. వేలు లేవబోయింది. ఆ వేలితోనే చెవి గోక్కున్నాడు.

కుడి రెక్క పూర్తయింది. పట్టు బిగించే పని మునుస్వామి ఎవరినీ తాకనివ్వలేదు. గుడ్డను తడిపి, నాలుగు వైపులా సమంగా లాగి, ఎక్కడా ముడత లేకుండా పరిచాడు. వార్నిషు ఆరాక చేత్తో మీటితే డప్పులా మోగింది. ఎర్ర రంగు వేశారు. మిగిలిన ఎడమ రెక్కను ఏం చేయాలో తెలియక మునెమ్మ అటక మీదికి ఎక్కించింది.

ఎండాకాలం ఒక ఆదివారం పొద్దున్నే శోళవరంలో, చెరువు ఎండిన మూలన, రిమోటు విమానాలు ఎగరేసేవాళ్ళు చేరారు. ఆ బృందానికి పెద్ద శశికళ. తిరునిన్రవూరులో బ్యాంకు ఉద్యోగం. చేతిలో రిమోటు ఉంటే మాత్రం ఎవరి మాటా వినదు. దేవరాజులుకు కట్టడమే వచ్చు, ఎగరేయడం రాదు. అందుకని వళ్ళియమ్మనూ మునుస్వామినీ వెంటబెట్టుకుని వచ్చి, విమానాన్ని శశికళ చేతికి ఇచ్చాడు.

అందరూ చుట్టూ చేరి మెచ్చుకున్నారు. ఒకాయన రెక్కల పని చూసి, “సార్, రెండూ ఎంత సమంగా ఉన్నాయి!” అన్నాడు. దేవరాజులు గొంతు సవరించుకున్నాడు. మామూలుగా అయితే ఇక్కడ ముప్ఫై నాలుగేళ్ళు మొదలయ్యేవి. వళ్ళియమ్మ కళ్ళు మూసుకుంది.

“మొదట ఇంకా సమంగా ఉండినాయి సార్,” అన్నాడు. “రెండూ ఎడమవే చేసినాను.”

కావడి దగ్గర్నుంచి కొబ్బరినూనె దాకా అంతా చెప్పాడు. జనం కడుపులు పట్టుకున్నారు. చెబుతుంటే ఇంత హాయిగా ఉంటుందని ఆయనకు తెలియదు. దేవరాజులు ఆగిన చోటల్లా మునుస్వామి అందుకుని, మంచం అంచు మీద గీసిన బొమ్మతో సహా వివరించాడు.

శశికళ మోటార్లు తిప్పింది. అది లేచేది చూసే ధైర్యం దేవరాజులుకు లేకపోయింది. గబుక్కున వెనక్కి తిరిగి, తల వంచుకుని, పగిలిన చెరువు మట్టిని చూస్తూ నిలబడ్డాడు.

“ఏమాయె? లేసిందా?”

“లేసింది మామా! పైకి పోతా ఉండాది. చూడు!”

“నువ్వే చెప్పు.”

“తిరగతా ఉండాది. ఎర్రగా, మిరపపండు మాదిరి. ఇప్పుడు వంకర పోతా... లేదు లేదు, సక్కంగానే పోతా ఉండాది. మా అన్న ఏడస్తా ఉండాడు.”

“యాడ ఉండాది?”

“నీ నెత్తి మిందనే! తల ఎత్తు మామా!”

చప్పుడు నెత్తి మీద నుంచి దాటిపోయింది. నీడ ఒకటి కాళ్ళ ముందు నుంచి సర్రున పోయింది. ఆయన ఆ నీడను చూశాడు. అందులో రెండు రెక్కలూ సరిగ్గా ఉన్నాయని నమ్మకం కుదిరాక మెల్లగా తల ఎత్తాడు. అప్పటికి విమానం దిగుతోంది. నేలకు తగిలి, రెండుసార్లు ఎగిరి, ముక్కు మట్టిలో పొడిచి ఆగింది. మోటారు పంకా ఒకటి విరిగింది. అంతే.

నాలుగు నిమిషాలు ఎగిరిందట. చెరువులో ఉన్నవాళ్ళందరూ చూశారు. పక్క రోడ్డు మీద పాలబండి ఆపి ఒకాయన చూశాడు. కట్టిన మనిషి మాత్రం ఆ నాలుగు నిమిషాలూ ఎవరో తీసిన వీడియోలో, ఇంటికి పోయే దారిలో, మునుస్వామి ఫోను పట్టుకుని ఉంటే చూశాడు. వీడియోలో విమానం కన్నా, మూలన తల వంచుకుని నిలబడ్డ తన వీపే ఎక్కువసేపు కనబడింది.