మొదటి బిందె

ఆ పరీక్ష ఆలోచన నాదే. ఇందులో ఎవరి మీదా నెట్టడానికి లేదు.

నేను నీళ్ల కంపెనీలో ప్రచారం పని చూస్తాను. కుళాయి తిప్పగానే వచ్చే మొదటి బిందెడు నీళ్లని జనం గచ్చు మీద వంపేస్తారు. గొట్టంలో నిలవున్నవని అనుమానం. ఊరంతా కలిపితే రోజుకో చెరువు పోతుంది. రెండేళ్లు ఆ అలవాటుతో కుస్తీ పట్టాను. ‘మొదటి బిందె కూడా నీళ్లే’ అని గోడల మీద రాయించాను, బండికి మైకు కట్టించి వీధులు తిప్పాను. మందు వాసన వస్తోందని ఎవరైనా నసిగితే, మూత తీసి గంటసేపు ఉంచితే పోతుందని చెప్పించాను. మాట విన్న ఇళ్ల తలుపులకి నీలం స్టిక్కర్లు అంటించాను.

కింది వీధిలో ముప్ఫై ఇళ్లుంటే ముప్ఫయ్యింటికీ స్టిక్కర్లే. మొట్టమొదటిది మా చెల్లెలి అత్తగారి తలుపుకి అంటించాను. ఆవిడ చంకన బిందెతో నవ్వుతున్న ఫొటోని మా ప్రచారం బండి మీద కూడా వేయించాను. ఆవిడ చేస్తే వీధంతా చేస్తుంది. అలాంటి మనిషి.

కిందటి నెల నాకో తెలివి పుట్టింది. వీళ్లు నిజంగా మారారా, నా ఎదుట నటిస్తున్నారా తేల్చాలనుకున్నాను. ఇద్దరు ఆడపిల్లలకి కంపెనీ చొక్కాలు తొడిగి కింది వీధికి పంపాను. గొట్టాలు కడిగారు, ఇవాళ మొదటి బిందె పారబోయండి అని ఇంటింటికీ చెప్పమన్నాను. బాగా బతిమాలండి, నమ్మేలా ఉండాలి అని కూడా నేర్పాను. ససేమిరా అన్నవాళ్లకి మూతున్న బకెట్టు బహుమానం. ఇరవయ్యారు ఇళ్లవాళ్లు ససేమిరా అన్నారు. ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. లైన్ల ఇంజనీరు ఒక్కడే మొహం మాడ్చుకుని, నిజంగా పారబోయమని చెప్పాల్సిన రోజొస్తే ఏం చేస్తారని అడిగాడు. అప్పుడు చూసుకుందాంలెండి అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ రోజు నెల తిరక్కుండానే వచ్చింది. మధ్యాహ్నం మూడుంబావుకి ఇంజనీరు ఫోన్ చేశాడు. కింది వీధి మొదట్లో పగిలిన గొట్టం మార్చారట. లోపల కడగడానికి బ్లీచింగ్ మందు మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పోశారట. ఆ నీళ్లని వీధి చివరి వాల్వు తెరిచి కాలవలోకి వదిలేయాలి. ఆ వాల్వు కాస్తా బిగుసుకుపోయింది. నాలుగింటికి నీళ్లు వదిలితే మొదటి అరగంట ఆ మందునీళ్లు ఇళ్ల కుళాయిల్లోంచే వస్తాయి.

“నాలుక్కి వదలకండి,” అన్నాను.

“అదే లైను మీద ఆస్పత్రి ఉంది మేడం. రెండ్రోజులుగా ట్యాంకర్లతో నెట్టుకొస్తున్నారు, ఇక ఆపలేను. మందు పోసింది కింది వీధి గొట్టంలోనే, వాళ్ల వైపు మంచి నీళ్లే వెళ్తాయి. మీ వీధివాళ్లే పారబోయాలి. పెద్దవాళ్లు తాగితే గొంతు మండి వాంతులవుతాయి. మరగబెట్టినా లాభం లేదు. పసిపిల్లల సంగతి నేను చెప్పలేను.”

మా చెల్లెలి కూతురికి మూడో నెల. పోతపాలే తాగుతోంది. నాలుగున్నరకి సీసా అందకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది.

చెల్లెలికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. పాప నిద్రపోతే ఫోను మోగకుండా చేసేస్తుంది. వాళ్ల అత్తగారికి ఫోనే లేదు. పెద్దసారు గదిలోకి వెళ్లి చెబితే, ‘నీటిలో స్వల్ప మార్పు ఉండవచ్చు’ అని పంపమన్నాడు. పారబోయండి అనే మాట మన నోట రాకూడదట. బుద్ధిగా తలూపి బయటికొచ్చి, ‘మొదటి అరగంట నీళ్లు తాగకండి, పారబోయండి’ అని వీధి మొత్తానికీ సందేశం కొట్టాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను.

రెండు నిమిషాల్లో జవాబులు మొదలయ్యాయి. ఈసారి మేం పడిపోం మేడం అని ఒకరు. మళ్లీ బకెట్టేనా, ఈసారి డ్రమ్ము ఇప్పించండి అని ఇంకొకరు.

బండెక్కాను. దాన్ని నడిపేదీ, మైకులో మాట్లాడేదీ ఒకడే, అందరూ మైకు మామ అంటారు. దారంతా ఒక్క జోకు కూడా వేయలేదు. మేం వీధిలోకి తిరిగేసరికి నాలుక్కి పది నిమిషాలు తక్కువ. పారబోయండమ్మా, ఇది నిజం, తాగకండి అని మామ గొంతు చించుకున్నాడు. జనం గుమ్మాల్లోకి వచ్చి నవ్వుతూ చూశారు. మూలింటి దర్జీ మాకు దణ్ణం పెట్టి, ఒక్క చుక్క కూడా వదలం, రాసుకోండి అన్నాడు. నేను బండి దిగి అతని చెయ్యి పట్టుకుని బతిమాలాను. ఎంత బతిమాలితే అంత మురిసిపోయాడు. దర్జీతో వాదిస్తూ ఐదు నిమిషాలు తగలేశాను. నాలుగైంది. ఇళ్లలో కుళాయిలు బుసకొట్టడం వినిపించింది. అప్పుడు పరుగెత్తాను. గుమ్మం గుమ్మానికీ ఆగి అరుస్తూ చెల్లెలి ఇల్లు చేరేసరికి నాలుగుంబావైంది.

అత్తయ్యగారు అప్పటికే ఒక బిందె నింపి పక్కన పెట్టి, రెండోది కుళాయి కింద పెడుతున్నారు. నన్ను చూసి నవ్వారు.

“అత్తయ్యగారూ, ఇది పరీక్ష కాదు. ఆ నీళ్లు పారబోయండి.”

“కిందటిసారి ఆ పిల్లలూ ఇలాగే బతిమాలారమ్మా. ఒకమ్మాయైతే కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది. నన్ను వదిలేసి వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్లెవరినైనా అడుగు.”

వాసన చూడమన్నాను. గొట్టం మార్చారుగా, ఆ మాత్రం ఉంటుంది, మూత తీసి ఉంచితే పోతుందని నువ్వే చెప్పావుగా అన్నారు. నా మాటలన్నీ వరసగా నాకే అప్పజెప్పారు. నేను నిండు బిందెని కాలితో తన్నాను. గచ్చంతా నీళ్లు. గోడ పక్కనుంచి చూస్తున్నవాళ్లు, మేడం భలే నటిస్తోందని చప్పట్లు కొట్టారు.

అప్పుడు లోపలినుంచి పాప ఏడుపు, వెంటనే మా చెల్లెలి గొంతు. వచ్చేస్తున్నా తల్లీ, అయిపోయింది అంటోంది. ఆ నిండు బిందెలోంచే గిన్నెడు ముంచుకెళ్లి మరగబెట్టిందని నాకు అర్థమైంది. వంటింట్లోకి ఎలా వెళ్లానో తెలీదు. ఒళ్లో పాప, నోటి దగ్గర సీసా. లాక్కున్నాను. మా చెల్లెలు అక్కా అని అరిచింది. మూత తిప్పబోతే చేతులు వణికి తిరగలేదు. సీసాని తూముకేసి కొట్టాను, పాలన్నీ పోయాయి. పాప గుక్కపట్టింది. తాగిందా, ఒక్క గుక్కైనా తాగిందా అని అడుగుతూనే ఉన్నాను. లేదక్కా, లేదు అని చెల్లెలు ఏడ్చేసింది.

అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి నా చేతుల్ని చూశారు. పాప సీసా జోలికి ఎవరూ నాటకం కోసం పోరు. ఆవిడ వెనక్కి తిరిగి, రెండో బిందె ఎత్తుకుని వీధిలోకి నడిచి, తన ఫొటో ఉన్న మా బండి ముందే, అందరూ చూస్తుండగా మొత్తం కుమ్మరించారు.

“పారబోయండి,” అన్నారు. అంతే.

వీధంతా పారబోసింది. ముప్ఫై గుమ్మాల నీళ్లు కాలవ దాకా పారాయి. దర్జీ అప్పటికే ఒక గ్లాసు తాగేశాడు. రెండుసార్లు వాంతి చేసుకుని, ఆస్పత్రిలో ఒక పూట ఉండి తేరుకున్నాడు. పాపకి ఏమీ కాలేదు. పెద్దసారు నన్ను పిలిచి గంటసేపు చీవాట్లు పెట్టాడు కానీ, ఉద్యోగం తీయలేదు.

వారం తర్వాత ఆ ఇంటికి వెళ్లాను. తలుపు మీద స్టిక్కరు లేదు. అత్తయ్యగారు దాన్ని చిరగకుండా ఊడదీసి, జిగురు కూడా కడిగి, నా చేతిలో పెట్టారు. క్షమించమని అడిగాను. ఆవిడకి కోపం లేదు. ఉంటే బాగుండేది.

“నువ్వు దాచమంటే దాచాను. నీ వణుకు చూసి పారబోశాను. అది సరే. కానీ నన్ను పరీక్షించావు చూడు, అది మింగుడు పడటం లేదమ్మా.”

నాలుగైంది. కుళాయి బుసకొట్టింది. ఆవిడ మొదటి బిందె నింపి, నా ఎదుటే గచ్చు మీద వంపేశారు. తేటగా ఉన్నాయి, మంచి నీళ్లు. వద్దని చెప్పడమే నా ఉద్యోగం. స్టిక్కరు మడిచి సంచిలో వేసుకున్నాను.