దర్జీ ఆవిడ కొలిచిన ఫిల్ము

ఉదయం ఎనిమిదికి, స్కాన్ మిషను సిద్ధమయ్యేలోపు, టెక్నీషియన్ అమ్మాయి ఫోను ముందు కూర్చుంటుంది. పిల్లల తలలకి తీసిన ఫిల్ములు తీసిన రోజుతో ఆగిపోవు. లోపల గడ్డ పెరిగితే బొమ్మలోనూ పెరుగుతుంది, కరిగితే కరుగుతుంది. అందుకే కవరులో ఒక చిన్న స్కేలు కూడా పెట్టి పంపుతారు. ఇంట్లోవాళ్లు ఫిల్ముని కిటికీకి ఆనించి, తెల్లమచ్చ ఎన్ని మిల్లీమీటర్లుందో చూసి రోజూ ఫోనులో చెబుతారు. అమ్మాయి గళ్ల పుస్తకంలో రాసుకుంటుంది.

ఆ సోమవారం ఏడేళ్ల పిల్ల వచ్చింది. ఇంట్లో పిడుగు అంటారు. మిషను చప్పుడుకి తనూ ఎదురు చప్పుడు చేస్తానని కూర్చుంది. కదలకుండా పడుకోబెట్టడానికి గంట పట్టింది. మచ్చ పద్నాలుగు.

"నిదానం రకంలా ఉంది. మూడు నెలలకి మళ్లీ చూద్దాం" అన్నాడు స్కాన్ డాక్టరు.

మంగళవారం పిడుగు తల్లి ఫోను. "పంతొమ్మిదండీ!"

డాక్టరు అదిరిపడి ఫిల్ముతో సహా రమ్మన్నాడు. ఆయన కొలిస్తే పద్నాలుగే.

"ఏం పని చేస్తావమ్మా నువ్వు?"

"బట్టలు కుడతానండీ."

ఇరవై ఏళ్లుగా ఆవిడ ఏది కొలిచినా కుట్టుకని కాస్త కలిపే కొలుస్తుంది. "తెలుసండీ, కానీ చెయ్యి నా మాట వినదు" అంది సిగ్గుపడుతూ.

డాక్టరు నవ్వి, ఆవిడ వెళ్లాక అమ్మాయితో అన్నాడు. "ఇక ఈవిడ అంకెలు పట్టించుకోకు."

కానీ అంకె వినబడితే రాయకుండా ఉండటం ఆ అమ్మాయి వల్ల కాదు. బుధ, గురు, శుక్రవారాలు పంతొమ్మిది. శనివారం ఇరవై. ఆదివారం ఇరవై రెండు. సోమవారం ఇరవై అయిదు. పుస్తకం పట్టుకుని డాక్టరు గదిలోకి దూసుకెళ్లింది.

"ఆవిడ కొలత తప్పని తేలిపోయింది కదమ్మా!"

"తప్పే సార్. కానీ రోజూ ఒకే తప్పు. అయిదు తీసేసి చూడండి. శుక్రవారం దాకా పద్నాలుగు, తర్వాత పదిహేను, పదిహేడు, ఇవాళ ఇరవై. ఒకటి, రెండు, మూడు... పెరగడమే పెరుగుతోంది సార్!"

డాక్టరు ఈసారి నవ్వలేదు. మధ్యాహ్నం కొత్త స్కాన్ తీశారు. చాలా అరుదుగా వచ్చే మొండి రకం. మూడు నెలలు ఆగితే కత్తి పెట్టే వీలే ఉండేది కాదు. బుధవారం ఆపరేషన్ అన్నారు.

ఆ రోజు తల్లి వరండా కిటికీకి ఫిల్ము ఆనించి నిలబడింది. పక్కన అమ్మాయి. వాళ్లు చూస్తుండగానే మచ్చ పదహారైంది, తొమ్మిదైంది, నాలుగైంది, పోయింది. నర్సు తలుపు తీసి, "అయిపోయిందమ్మా, మూసేస్తున్నారు" అంది.

"ఆగు తల్లీ, మూయొద్దని చెప్పు!" తల్లి ఫిల్ముకి ముక్కు ఆనించింది. "ఇదిగో, ఎడమవైపు. వెంట్రుకంత మిగిలింది."

అమ్మాయికి కనబడటానికి మరి కాస్త సేపు పట్టింది. కనబడగానే అరిచింది. "అక్కా, ఫిల్ములో ఎడమంటే పాపకి కుడి! కుడివైపు అని చెప్పు!"

నర్సు లోపలికి పరుగెత్తింది.

ఇద్దరూ రెప్ప వేయలేదు. చాలాసేపు ఆ తెల్లగీత కదల్లేదు. తర్వాత ఒక కొస నుంచి మెల్లగా లేచి, పొట్టిదవుతూ, చుక్కై, ఆరిపోయింది.

తల్లి అప్పుడు కూర్చుంది, వెనకాల బెంచీ ఎంత దూరంలో ఉందో చూసుకోకుండానే.