ఎవరూ లేరని రాసిన విడిది

పొద్దున లేవగానే డ్రైవరమ్మ చేసే మొదటి పని దుప్పట్లోంచి ఫోను తీయడం. చలికి బ్యాటరీ దిగిపోతుందని రాత్రంతా దాన్ని కడుపుకి ఆనించుకునే పడుకుంటుంది. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంది. ఎర్రగీత కాలిబాట, నీలం చుక్క తను. మొత్తం మూడొందల కిలోమీటర్లు, పద్దెనిమిది రోజుల సెలవు. ఇరవై రెండేళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషికి కొండలెక్కడం కొత్త గానీ, టైము ప్రకారం కదలడం కొత్త కాదు. ఆరున్నర అయిందంటే మొహమాటాలు లేవు, అడుగు పడాల్సిందే.

ఆ యాప్‌లో బాట పొడుగునా ఊటలూ విడిది గదులూ గుర్తులు పెట్టి ఉంటాయి. నడిచేవాళ్ళు వాటి కింద కామెంట్లు రాస్తారు. కొందరి కామెంట్లు మాత్రం వాళ్ళింకా అక్కడికి రాకముందే వచ్చేస్తాయి, రాబోయే తేదీ వేసుకుని. దాన్నెవరూ వింతగా చెప్పుకోరు. పైగా అవే నయమంటారు. పోయిన వారం కామెంట్ నమ్ముకుని వెళితే ఊట ఎండిపోయి నాలుక పిడచకట్టుకుపోతుంది, రేపటి కామెంట్‌తో ఆ బెంగ ఉండదు.

సెలవు పెట్టకముందు ఒకరోజు డిపోలో టీ తాగుతూ మెకానిక్ చూపించాడు. "చూడక్కా, మొదటి ఊట దగ్గర ఎవరో వచ్చే నెల ఐదో తేదీన రాశారు."

నీళ్ళున్నాయి. చల్లగా ఉన్నాయి. ఎవరూ లేరు. కింద పేరు: తోక.

డ్రైవరమ్మ టీ గ్లాసు పక్కన పెట్టి ఆ పేరు మళ్ళీ చదివింది. ఎప్పుడూ తన వెంటే తిరిగేదని చెల్లెల్ని ఇంట్లో అలాగే పిలిచేవాళ్ళు. ఆరేళ్ళ క్రితం వంటింట్లో ఏదో చిన్న మాటకి మాట పెరిగింది. మర్నాడు పొద్దున జుట్టైనా దువ్వుకోకుండా, చెయ్యెత్తి పిలుస్తూ చెల్లెలు బస్సు వెనకాల పరిగెత్తుకొచ్చింది. అక్క అద్దంలో చూసింది. టైమైపోయింది. తలుపు వేసి బండి ముందుకి పోనిచ్చింది. సాయంత్రానికి చెల్లెలి గది ఖాళీ. ఆ రోజు ఏం చెప్పడానికి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

అందుకే సెలవు పెట్టి, నాలుగో తేదీకల్లా మొదటి ఊట దగ్గరికి చేరింది. ఐదో తేదీ అంతా అక్కడే కూర్చుందామనే అనుకుంది. కానీ ఆరున్నరకి కాళ్ళు ఆగలేదు. తప్పు కాళ్ళ మీదికి నెట్టడం ఎందుకు, భయమే వేసింది. తిట్టడానికి వచ్చిందేమో ఆ రోజు. ఇక నీ మొహం చూడనని చెప్పడానికేమో. ఎలాగూ ఎవరూ లేరనే రాసింది కదా, నేనుండి ఏం చేస్తాను అనుకుంది. పై విడిదిలో ఆగుదాంలే అనుకుంది. పై విడిది కిందా అదే కామెంట్, మర్నాటి తేదీతో. ఆ పైదానిలోనూ అంతే. రోజంతా చెల్లెలి మీద బెంగ, తెల్లారితే పరుగు. పన్నెండు రోజులు అలాగే గడిచాయి.

ఆ పరుగులో చెల్లెలికంటే ఇంకా ముందుకి వచ్చేసింది, పన్నెండో విడిది కింద తేదీకి ఇంకా రెండు రోజులుంది. అక్కడితో తోక కామెంట్లు ఆఖరు. అక్కడ బాట రెండుగా చీలుతుంది. తర్వాత చెల్లెలు ఎటు దిగిపోతుందో మ్యాప్‌కీ తెలియదు.

ఆరూ ఇరవైకి డ్రైవరమ్మ సంచీ భుజాన వేసుకుంది. విడిది చూసుకునే పెద్దాయన పొయ్యి ఊదుతూ అడిగాడు.

"ఎవరికోసమో వచ్చానన్నారు రాత్రి?"

"మా చెల్లెలు. ఎల్లుండి ఇక్కడికి వస్తుంది."

"మరి వెళ్ళిపోతారేంటమ్మా?"

ఆవిడ ఫోను చూపించింది. "ఇది చూడండి. ఎవరూ లేరనే రాసింది. నేనుంటే అలా రాస్తుందా?"

పెద్దాయన కళ్ళు చిట్లించి చదివాడు. "మీరు వెళ్ళిపోతారు కాబట్టి అలా రాసిందమ్మా. లేకపోతే ఆవిడకేం పని, ఉన్న మనిషిని లేదని రాయడానికి?"

ఆరున్నర అయింది. కాళ్ళు గుంజుతున్నాయి. రెండు రోజులు కూర్చుంటే బాట పూర్తికాదు. కాకపోతే పోయె. చెల్లెలు ఏం తిట్టినా సరే, ఆ తిట్టు కోసం ఆరేళ్ళుగా చెవులు అల్లాడుతున్నాయి. ఆరూ ముప్ఫై ఒకటికి డ్రైవరమ్మ సంచీ దించి గోడకి ఆనించింది.

మళ్ళీ ఫోను చూసుకుంటే కామెంట్ లేదు. పైకీ కిందకీ జరిపి చూసింది. తోక అన్న పేరే లేదక్కడ.

"రాసింది పోయింది పెద్దాయనా! మా చెల్లెలికేమైనా అయిందంటారా?" ఫోను ఆయన ముందుకి చాపింది.

"ఏమవుతుందమ్మా? ఎల్లుండి ఇక్కడికొచ్చాక ఆవిడకి ఫోను తీసే తీరిక ఉండదన్నమాట," అన్నాడాయన, పొయ్యి మీదనుంచి చూపు తిప్పకుండానే.

డ్రైవరమ్మ గడప మీద కూలబడి, ఆరేళ్ళ ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. కాస్త తెరిపిన పడ్డాక ముక్కు తుడుచుకుని లేచింది. చెల్లెలికి దుమ్ము పడదని చెప్పి, చీపురు ఎక్కడుందో అడిగింది.