పేరు మార్చిన పాటలు

"పేరున్నోళ్ల పాటలే వింటరు మీరు! ఆ పాడినామె పేరు పాతరేసింది నువ్వే!" అమీర్‌పేట మైత్రీవనం వెనక తన సీడీల షాపు ముందే ఆరిఫ్, హాస్టల్ కుర్రాడు కేదార్‌ని నిలదీశాడు.

అమెరికా పల్లెపాటల బాణీలో, రేడియోలు పట్టించుకోని పాటలు గిటారు మీద పాడే మార్లా అనే గాయనిని కనిపెట్టింది ఆరిఫే. "జర విను భాయ్, నలుగురికి చెప్పు" అని కేదార్‌కి ఆమె సీడీ ఇచ్చాడు. జావా నేర్చుకోవడానికొచ్చిన హాస్టల్ కుర్రాళ్లు ముక్కూమొహం తెలియని మనిషి పాటల్ని కాపీ చేసుకోరని, కేదార్ ఫైళ్లన్నిటికీ ఓ పెద్ద స్టార్ పేరు తగిలించాడు. వారంలో ఆ పాటలు అమీర్‌పేట హాస్టళ్లన్నిటికీ పాకాయి.

"నా మెయిలుకు ఆమె జవాబిచ్చింది. మీ దగ్గర నా పాటలు ఎవరన్న వింటున్నరా అని అడిగింది. ఏం రాయాలె?"

"అందరూ వినాలనే చేశానన్నా..." అన్నాడు కేదార్. అది సగమే నిజం. మంచి పాటలు పట్టుకొస్తాడన్న మెప్పు తనకి తియ్యగా ఉండి, పేరు మార్చిన సంగతి దాచాడు.

"విన్నరు, ఆమె అని ఎరగకుండ! నడువు. ఒక్కో కంప్యూటర్ ముంగట కూసొని ఆమె పేరు పెట్టు. మార్చింది నువ్వేనని ఒక్కొక్కనికీ చెప్పు. ఇప్పుడే!"