పడుకోబెట్టి చూసిన సర్వరు

దేవ్యా తన జన్మలో ఎడ్లను తప్ప మరొకదాన్ని బేరమాడి ఎరగడు. గూడూరు పక్క తండాలో పుట్టి, అంగడి అంగడికీ తిరిగి, ముప్పై ఏళ్ళపాటు రైతులకు ఎడ్లను చూసిపెట్టాడు. అలాంటి మనిషిని కంప్యూటర్ కొనడానికి వెంటబెట్టుకుపోవడం ఆయన కూతురు సోనీకి బొత్తిగా ఇష్టం లేదు. కానీ అవి సకల జనుల సమ్మె రోజులు. తెలంగాణ కోసం ఊళ్ళకు ఊళ్ళే పని మానేశాయి. బస్సులు డిపోలు దాటడం లేదు, రైలు ఏ స్టేషన్లో ఆగిపోతుందో ఆ రైలుకే తెలియదు. "ఒక్కదానివి ఎట్ల పోతవు? అంత బరువు ఎవరు మోస్తరు?" అని తల్లి పట్టుబట్టింది. సోనీ ఒప్పుకోక తప్పలేదు.

మహబూబాబాద్‌లో, అదే మన మానుకోటలో, విత్తనాల దుకాణం పైన సోనీకి ఒక గది ఉంది. ఆ గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక పాత సర్వరు. సర్వరంటే వెబ్‌సైట్లను తన కడుపులో దాచుకుని, అడిగినవాళ్ళకల్లా చూపించే కంప్యూటర్. దానిమీద పదకొండు వెబ్‌సైట్లు నడిపి బతుకుతోంది. నాలుగు బడులవి, ఒక పత్తి వ్యాపారిది, ఒక ఫంక్షన్ హాలుది, ఇట్లా. పదకొండోది మాత్రం వేరు. దవాఖానలో నర్సుగా చేసే అనిత రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి రక్తం ఇచ్చేవాళ్ళ పేర్లూ ఫోన్ నంబర్లూ ఆరు వందలు కూడగట్టింది. ఆ జాబితా సోనీ దగ్గర ఉంది. బస్సులు ఆగిపోయాక వరంగల్ దాకా పోయి వేళకు రక్తం తెచ్చే దారి లేదు. కాన్పు కష్టమైనా, ఎవరికి దెబ్బ తగిలినా ఊళ్ళోవాళ్ళకు ఆ జాబితాయే దిక్కయింది.

చిక్కల్లా పాత సర్వరుతోనే. బొగ్గు గనుల్లోనూ సమ్మె కావడంతో కరెంటు ఒక్కోసారి ఆరు గంటలు పోతోంది. పోయిన ప్రతిసారీ అది ఆగిపోయి, మళ్ళీ లేవడానికి మొరాయిస్తోంది. మొన్న నాలుగోసారికి గానీ లేవలేదు. ఇంకోసారి పడితే పైకి రాదని సోనీకి తెలుసు. అది పోతే జాబితా పోతుంది, ఆమె కూడా గదికి తాళం వేసి మళ్ళీ హైదరాబాద్‌లో ఎవరి కిందో పనికి పోవాలి. కొత్తది కొనే తాహతు లేదు. వాడిన సర్వర్లు రెండు ఉన్నాయని తెలిసింది. ఒకటి జనగామలో, ఒకటి భూపాలపల్లిలో.

జనగామలో రాంచందర్ అనే ఆయన కంప్యూటర్ శిక్షణ కేంద్రం మూసేస్తున్నాడు. సోనీని చూడగానే "రాండ్రి మ్యాడం" అని కుర్చీ లాగి వేశాడు. వెనకే వచ్చిన దేవ్యాకు ఏమీ వేయలేదు. రుమాలు చుట్టుకున్న ముసలాయన గడప దగ్గర చెప్పుల పక్కన నిలబడ్డాడు. సోనీ చూసింది. చూసి కూడా కూర్చుంది.

సర్వరు నల్లగా నిగనిగలాడుతోంది. ముందు పచ్చ దీపాలు పెళ్ళిపందిట్లో లాగా మినుకుమంటున్నాయి. "మూడేండ్ల సంది ఒక్కపారి గూడ ఆపలేదు మ్యాడం. ఒక్క నిమిషం ఆగలే" అన్నాడు రాంచందర్. సోనీ కీబోర్డు ముందుకు లాక్కుని గంటసేపు అన్నీ తరచి చూసింది. తను ఆశపడ్డదానికి రెట్టింపు సత్తా ఉంది. మనసులో పదకొండు వెబ్‌సైట్లనూ అప్పుడే అందులోకి మార్చేసింది.

"దాన్ని ఒకపారి పండవెట్టుండ్రి సారూ" అన్నాడు దేవ్యా గడప దగ్గర్నుంచి.

"ఏందీ?"

"పండవెట్టి లేపుండ్రి. నిలవడ్డప్పుడు అన్ని ఎడ్లు మంచిగనే కనవడ్తయి. పండుకున్నది లేసేటప్పుడే ఎరుకైతది, ఎనక కాళ్ళల్ల సత్తువున్నదా లేదా అని."

రాంచందర్ పకపకా నవ్వాడు. సోనీకి తల కొట్టేసినట్టయింది. "ఇది ఎద్దు గాదు బాపూ. నువ్వు మాట్లాడకు" అంది వాళ్ళ లంబాడీ భాషలో. రాంచందర్‌కు ఆ భాష రాకపోయినా ఆ గొంతు అర్థమయ్యే ఉంటుంది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. "పరేషాన్ గాకుండ్రి, బ్యాటరీలున్నయి" అన్నాడు రాంచందర్. సోనీ పైకమిచ్చి బయలుదేరుదామనుకుంది. దేవ్యా మెట్టు మీద చతికిలబడి, "ఒక చాయ్ తాగి పోదం బిడ్డా" అన్నాడు. అంగట్లో తొందరపడ్డవాడే మునుగుతాడని ఆయన నమ్మకం. కసురుకున్నందుకు లోపల గుచ్చుకుంటుండటంతో సోనీ కాదనలేకపోయింది.

చాయ్ రావడానికే అరగంట పట్టింది. అది చల్లారేలోపు బ్యాటరీలు అయిపోయాయి. పచ్చ దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. "ఏం గాదు, ఏం గాదు" అన్నాడు రాంచందర్, ఎవరూ ఏమీ అడక్కుండానే. రెండు గంటలకు కరెంటు వచ్చింది. మీట నొక్కాడు. ఫ్యాన్లు హోరుమన్నాయి. లోపల టిక్కు, టిక్కు. మళ్ళీ నొక్కాడు. టిక్కు, టిక్కు. ఏళ్ళ తరబడి ఆగకుండా తిరిగిన డిస్కులు ఒకసారి ఆగి చల్లబడితే మళ్ళీ తిరగకపోవచ్చు. ఈ సంగతి సోనీ హైదరాబాద్‌లో కళ్ళారా చూసింది కూడా. పైన పటారం చూసి మర్చిపోయింది, అంతే.

రాంచందర్ ముఖం పాలిపోయింది. "ఆపితె లేవదేమోనని నాకు భయమే ఉండె మ్యాడం. అందుకే ఆపలే. మోసం జెయ్యాలని గాదు."

"గట్లనే అయితది సారూ. నేను గూడ ఒకపారి అంగట్ల అమ్మేటప్పుడు, లేవదేమోనని భయానికి ఒక ఎద్దును పండనియ్యలే" అన్నాడు దేవ్యా మెట్టు దిగుతూ.

తిరుగు రైల్లో సోనీ ఎదురుచూసింది, "నే జెప్పలేదా" అంటాడని. ఆయన దారి పొడవునా మిరప తోటల గురించి మాట్లాడాడు. అనేసి ఉంటే ఆమెకు తేలికపడేది.

భూపాలపల్లికి మూడు రోజుల తర్వాత పోయారు. పరకాల దాకా జీపు, అక్కణ్ణుంచి ట్రాలీ ఆటో. దారిలో ఒకచోట జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఆటోను ఆపి, ఇద్దరినీ బంతిలో కూర్చోబెట్టి, అన్నం పప్పు కడుపునిండా పెట్టి మరీ వదిలారు. దారికి అడ్డం కూర్చున్నవాళ్ళే తమ ఆకలి తీర్చారని సోనీకి ఆశ్చర్యమూ వేసింది, సంతోషమూ వేసింది.

శశికళ అనే ఆవిడ అక్కడ ఇంటర్నెట్ సెంటర్ నడిపేది. దాన్ని మూసి, మహదేవపూర్‌లో చెల్లెలి దగ్గర వ్యవసాయం చేసుకుందామనుకుంటోంది. గుమ్మంలో దేవ్యాను చూడగానే, "కూసో కాకా" అని ముందు ఆయనకే కుర్చీ వేసింది. సోనీకి స్టూలు చూపించింది.

ఆమె సర్వరు సొట్టలు పడి, బొగ్గు దుమ్ముతో బూడిదరంగు తేలి ఉంది. దాని లోపాలు ఎవరూ అడక్కముందే ఆమే చెప్పింది. "ఫ్యాను శానా మొత్తుకుంటది చెల్లే. ఒక డిస్కు పెట్టే జాగ పని చెయ్యది. గంతే. కరెంటు ఎన్నిసార్లు పోతె అన్నిసార్లు ఆగుతది, అన్నిసార్లు లేస్తది. వైరు గుంజి చూసుకోండ్రి."

సోనీ లేచి, వైరు చివర తండ్రి చేతిలో పెట్టింది. "బాపూ, నువ్వే పండవెట్టు."

దేవ్యా చేతులు ధోతికి తుడుచుకుని, వైరు గుంజాడు. గదంతా నిశ్శబ్దం. కాసేపాగి మళ్ళీ తగిలించాడు. ఫ్యాను గగ్గోలు పెట్టింది, దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి, తెర మీద అక్షరాలొచ్చాయి. మళ్ళీ గుంజాడు. అలా ఐదుసార్లు.

"సాలదా కాకా?" అని నవ్వింది శశికళ.

"సాలు బిడ్డా. ఎనక కాళ్ళు గట్టిగున్నయి."

పైకం తీసుకుంటూ, సర్వరు ఎందుకని ఆమె అడిగితే సోనీ రక్తం జాబితా సంగతి చెప్పింది. "మా ఆయనకు బొగ్గు బాయిల దెబ్బ తాకినప్పుడు ఎవరో పిలగాడొచ్చి రక్తమిచ్చి పోయిండు. పరేషాన్ల వాని పేరు గూడ అడగలే. ఇప్పటికీ యాదికొస్తడు" అంటూ శశికళ మూలనున్న రెండు బ్యాటరీలు తెచ్చి సర్వరు పక్కన పెట్టింది. "గివి గూడ తీస్కపో. పైసలద్దు. వానికియ్యలేంది నీకిస్తున్న." సోనీ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "సల్లగుండు అక్కా" అంది.

మానుకోట గదికి చేరేసరికి తల్లి చెంబెడు నీళ్ళతో గుమ్మంలో సిద్ధంగా ఉంది. కొత్త ఎద్దు ఇంటికొస్తే కాళ్ళు కడగడం ఆ ఇంటి ఆనవాయితీ. "నీళ్ళు పొయ్యకు!" అని సోనీ పరుగెత్తింది. చివరికి సొట్టపడ్డ మూతకు కుంకుమ బొట్టుతో సరిపెట్టారు.

ఆ రాత్రే సోనీ పదకొండు వెబ్‌సైట్లనూ అందులోకి మార్చింది. మర్నాడు పొద్దున్నే కరెంటు పోయింది. బ్యాటరీలు నాలుగు గంటలు నడిపి చేతులెత్తేశాయి. మధ్యాహ్నం కరెంటు రాగానే సర్వరు తనంతట తానే గగ్గోలుగా లేచింది. పావుగంటకు అనిత ఫోన్ చేసింది. "జాబితాల దొరికిండు సోనీ, కాన్పుకు రక్తమిచ్చేటోడు! బయ్యారం పిలగాడు, బండి మీద బయలెల్లిండట. తల్లి, బిడ్డ ఇద్దరు బతుకుతరు." సోనీ ఫోన్ గుండెకు హత్తుకుని నిలబడిపోయింది. ఆ ఫ్యాను మోత ఎంత బాగుందో ఆమెకప్పుడు తెలిసింది.

వారం తిరగకుండానే జనగామ నుంచి రాంచందర్ ఫోన్ చేశాడు. మళ్ళీ చిన్నగా ఏదో మొదలుపెడదామనుకుంటున్నాడట, ఒక పాత సర్వరు చూశాడట. "జర మీ బాపును పంపుతరా మ్యాడం?"

సోనీ తల తిప్పి చూసింది. గదిలో ఉన్న ఒకే ఒక కుర్చీలో దేవ్యా కూర్చుని, మేత మేసే ఎద్దును చూస్తున్నట్టు సర్వరును చూస్తున్నాడు. పొద్దుటినుంచీ ఆమె నిలబడే పని చేస్తోంది.

"పంపుత అన్నా. గని ఒక్క మాట. ఈసారి ముందుగాల ఆయనకు కుర్సీ ఏయుండ్రి. ఆనాడు మీరు ఎయ్యలే. నేను గూడ లేవలే."