ఆ దెబ్బ నాది కాదు

నాంచారమ్మ కండెలు చుడుతోంది. వసారాలో గోడకు చేరగిలబడి, కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేతి రెండు వేళ్ల మధ్యనుంచి నూలు జారనిస్తోంది. నిండిన కండె తీసి బుట్టలో వేస్తుంది, ఖాళీది ఎక్కిస్తుంది. లోపల గుంటమగ్గం మీద ఆమె కొడుకు కోటిలింగం చీర నేస్తున్నాడు. పక్కన ఎవరో చుట్టం కూచుని కాఫీ తాగుతున్నాడు. ఆ చుట్టంతో ఇంట్లోవాళ్లు చెబుతున్న మాటలు వింటుంటే నాకు ఒళ్లు మండుతోంది.

నేను ఒక చిన్న లోహపు బిళ్లను. నాంచారమ్మ ఎడమ భుజానికి కాస్త దిగువన, చర్మం కింద ఉంటాను. డాక్టర్లు నన్ను పేస్‌మేకర్ అంటారు, ఈ వీధిలో మిషను అంటారు. పేరు గురించి నాకు పట్టింపు లేదు. నేను చెయ్యని పనిని నాకు అంటగట్టి, చేసిన మనిషిని మనిషే కాదన్నారే, దాని గురించే నా గొడవ.

నన్ను తయారుచేసింది ఎక్కడో దూరదేశంలో, దుమ్ము రేణువు కూడా రానివ్వని ఒక గదిలో. ముఖానికి ముసుగులు కట్టుకున్న ఆడవాళ్లు భూతద్దాల కింద వెంట్రుకలకన్నా సన్నని తీగలు అతికారు. వాళ్లలో ఒకామెకు ఆ రోజు మెడ పట్టేసింది. మధ్యమధ్య ఆగి వేళ్లతో నొక్కుకుంటూ నన్ను పూర్తి చేసింది. నా మీద చెక్కింది మాత్రం కంపెనీ పేరు. పని ఒకరిదైతే మనుషులు పేరు ఎవరిది పెడతారో నాకు ఆనాడే తెలిసి ఉండాల్సింది.

డబ్బాలో పడి ఎన్నో చేతులు మారి చివరికి గుంటూరులో ఒక ఆసుపత్రికి చేరాను. అక్కడ బల్లమీద పడుకుని, "కోస్తే ఈ చెయ్యి పని చేస్తదా అయ్యా? కండెలు చుట్టుకోవాల" అని డాక్టరును అడిగిన మనిషే నాంచారమ్మ.

ఆమె గుండె సోమరిది కాదు. అప్పుడప్పుడు మరిచిపోతుంది, అంతే. పనిలో ఉండగా ఒకటి రెండు దెబ్బలు తప్పిపోయేవి. కళ్లు తిరిగి రాట్నం మీదికి ఒరిగిపోయేది. ఇంట్లోవాళ్లు కునుకు తీస్తోందనుకునేవాళ్లు. ఒకసారి నుదురు చిట్లి రక్తం కారాక గాని అది కునుకు కాదని తెలియలేదు.

నేను చేసేది ఏమిటో ఇక్కడే చెప్పాలి. నా నుంచి ఒక తీగ రక్తనాళంలోంచి గుండె లోపలికి వెళ్తుంది. ఆ తీగ నాకు ముందు చెవి, ఆ తర్వాతే చెయ్యి. గుండె తనంతట తాను కొట్టుకుంటుంటే వింటూ ఊరుకుంటాను. మరీ ఆలస్యం చేసిందా, ఒక్కసారి తడతాను. పక్కవాళ్లు కునికితే మోచేత్తో పొడిచినట్టు. ప్రాణం పోయిన గుండెను కొట్టించడం నాకు చేతకాదు. ఎంత తట్టినా అది పలకదు.

డాక్టరు ఇదంతా కోటిలింగానికి నిదానంగా చెప్పాడు. ఇంటికొచ్చేసరికి రెండు ముక్కలే మిగిలాయి: మిషను గుండెను కొట్టిస్తుంది, అయస్కాంతం తగిలితే దానికి మంచిది కాదు. వీధంతా ఆ రెండు ముక్కలే తెలుసుకుంది.

పెళ్లై వచ్చిన నాటినుంచి నాంచారమ్మ ఈ వసారాలోనే కండెలు చుడుతోంది. కండె వదులైతే, దాన్ని మోస్తూ మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో దారం చిక్కుపడి తెగుతుంది. బిగువు ఎక్కువైతే చీర అంచు ముడుచుకుపోతుంది. ఆ రెంటి మధ్యా ఉన్న ఒడుపంతా ఆమె రెండు వేళ్లది. ఆమె భర్త చెంచయ్య బతికున్నన్నాళ్లూ చీర పట్టుకు చూసినవాళ్లు "చెంచయ్య నేత" అన్నారు. ఇప్పుడు "కోటిలింగం నేత" అంటున్నారు. ఆ వేళ్ల ఊసు ఎవరూ ఎత్తరు.

మొన్న రోహిణి కార్తెలో ఆమెకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒంట్లో నీరంతా పోయింది. కళ్లు లోతుకు పోయి, నాలుక ఎండి, పిలిస్తే పలకడం మానేసింది. వీధి డాక్టరు వచ్చి ఒక సూది వేసి, "పెద్ద వయసు, మనం చేసేదేముంది" అని సంచీ సర్దుకున్నాడు. మంచం మీద ప్రాణం పోకూడదని ఆమెను దింపి నేలమీద చాప పరిచి పడుకోబెట్టారు.

నేను వింటున్నాను. ఆమె గుండె కొట్టుకుంటోంది. మామూలుకన్నా వేగంగా, దాహంతో, తన సొంత బలంతో. జబ్బు పడినప్పటి నుంచి నేను ఒక్కసారి కూడా తట్టలేదు. తట్టే అవసరం ఆమె నాకు ఇవ్వలేదు.

చెంచయ్య తమ్ముడు గురవయ్య వచ్చాడు. వీధిలో చావైనా పెళ్లయినా ముందు నిలబడి చెప్పేది ఆయనే. ఆమె మణికట్టు పట్టుకుని చూసి పెదవి విరిచాడు.

"వదిన ఎప్పుడో పోయిందిరా అబ్బాయా. ఇది మిషను కొట్టడం."

"ఊపిరి ఆడతంది గదా బాబాయా?" అన్నాడు కోటిలింగం.

"గుండె కొడతంటే ఊపిరి ఆడదంట్రా? గడియారం మాదిరి అది కొడతానే ఉంటది. బ్యాటరీ ఎన్నేళ్లన్నాడు డాక్టరు?"

"పదేళ్లన్నాడు."

"చూసుకో మరి."

కోడలు విశాలాక్షి చెంపకు చెయ్యి ఆనించుకుంది. "అమ్మో, పదేళ్లు ఇట్టాగేనా!"

నాకు నోరుంటే ఆ ఇంటి పెంకులు లేచిపోయేవి. ఒక గ్లాసు నీళ్లకు అల్లాడుతున్న మనిషిని చుట్టూ కూచుని బ్యాటరీ లెక్కలు వేస్తారా? నీళ్లు పోస్తే గొంతుకు అడ్డం పడతాయని తులసాకుతో రెండు చుక్కలు పెదవులకు అద్దారు. ఆ చుక్కలు పడగానే గుండె ఎలా ఎగబడిందో విన్నది నేనొక్కదాన్నే.

పోయే ప్రాణానికి కట్లు అడ్డమని మెడలో తాయెత్తు తెంపారు. చేతికున్న ఎర్రదారం కోశారు. అయినా ఊపిరి ఆగలేదు. అప్పుడు గురవయ్య చూపు నా మీద పడింది.

"లోపల ఉండాది చూడు, అదీ కట్టే. అది విడిస్తే గాని వదినకు దారి దొరకదు."

పాడైపోయిన స్పీకరు ఒకటి అటక మీద ఉంది. దాన్ని విప్పి అయస్కాంతం తీశారు. కోటిలింగం దాన్ని నా మీద పెట్టాడు. "అమ్మా, నువ్వు బాధపడకూడదనే" అన్నాడు, కళ్లనీళ్లు కారుతుండగా. అతను చెడ్డవాడు కాడు. నాకు మండేది కూడా అందుకే. మనుషులు మంచి మనసుతో చేసే కొన్ని పనులకు పగవాళ్లు కూడా తెగించరు.

అయస్కాంతం పెడితే నేను ఆగిపోతానని వాళ్లనుకున్నారు. ఆగను. నాకు చెవుడొస్తుంది. నా తయారీయే అంత. ఆమె కొట్టుకుంటోందో లేదో తెలియక, గుడ్డిగా ఒకే లెక్కన తట్టుకుంటూ పోతాను. అంతవరకూ వింటూ ఊరుకున్న నేను ఆమె దెబ్బ మీద నా దెబ్బ వెయ్యడం మొదలుపెట్టాను. ఒక్క మగ్గం మీద ఇద్దరు కూచుని నేసినట్టయింది.

గురవయ్య మళ్లీ మణికట్టు పట్టుకున్నాడు. "చూశావా, ఇప్పుడు తెలిసిపోతంది మిషనేనని."

ఆ మాట అప్పుడు కొంత నిజమే. వాళ్లే దాన్ని నిజం చేశారు.

అంతలో ఎదురింటి పిచ్చమ్మ వచ్చింది. ఆమె కూడా కండెలు చుట్టే మనిషే. కుళాయి దగ్గర మాటామాటా పెరిగి ఈ ఇద్దరూ పలకరించుకోవడం మానేసి చాలా ఏళ్లయింది. పలకరించుకోరు గాని, వినబడేటట్టు తిట్టుకుంటారు. కడసారి చూపుకు పగవాళ్లైనా రావాలి కాబట్టి వచ్చింది.

"ఈ ఇనప ముక్కేంది మనిషి మీద?" అని అయస్కాంతం తీసి అవతల పడేసింది. నా చెవి తెరుచుకుంది.

పిచ్చమ్మ చాప పక్కన కూలబడి నాంచారమ్మ చెయ్యి పట్టుకుంది. అందరూ ఆమె ఏడుస్తుందనుకున్నారు. ఏడవడానికే నోరు తెరిచింది. అలవాటైన మాటలే వచ్చాయి.

"ఒసే నాంచారీ! పోతన్నావంటగా. పో! నీ వదులు కండెల పీడ వదులుద్ది వీధికి. దారం తెగినప్పుడల్లా మీ ఆయన నిన్నే తిట్టుకునేవాడు, నాకు వినపడేది. పుట్టి ఇన్నేళ్లకు ఒక్క కండె తిన్నగా చుట్టావటే?"

అబ్బ, ఏమి పరుగది! అప్పటిదాకా ఎండిపోయి కొట్టుకుంటున్న గుండె ఒక్కసారిగా ఎగిరింది. నేను బిత్తరపోయి వింటూ ఉండిపోయాను. నాకూ కోపం వస్తుంది, మీరు చూస్తూనే ఉన్నారు. కాని నా కోపంతో ఏ గుండె వేగమూ పెరగదు. ఆ కోపం ఆమెది.

పిచ్చమ్మ మాట ఆపి తన వేళ్ల కిందికి చూసుకుంది. "ఏందిది, ఉరుకుతంది!"

"మిషనులే," అన్నాడు గురవయ్య.

"ఏందయ్యా మిషను? గడియారం మాదిరి కొడతదని వీధంతా చెప్పుకొచ్చింది నువ్వే గదా! గడియారాన్ని తిడితే ఉరుకుతదా? దీనికి కోపమొచ్చింది. చచ్చినోళ్లకు కోపమొస్తదంటయ్యా?"

కొంగు నీళ్లలో ముంచి నాంచారమ్మ నోటికి అందించింది. ఎండిన పెదవులు ఆ తడికొంగును పట్టుకుని వదల్లేదు.

"మనిషి నీళ్లకు చస్తందిరా!" పిచ్చమ్మ అరిచిన అరుపుకు పక్కిళ్లలో మగ్గాలు ఆగిపోయాయి. "ఆటో పిలవండి, మీ కట్లు తగలెయ్య!"

ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు. నాంచారమ్మ కళ్లు తెరిచి, పక్కనున్న పిచ్చమ్మను చూసి, నాలుక తడుపుకుని అడిగిన మొదటి మాట, "ఎవరి కండెలే వదులు?"

"అమ్మయ్య," అని పిచ్చమ్మ అప్పుడు ఏడ్చింది.

మర్నాడు నన్ను పరీక్షించే అమ్మాయి వచ్చి, నా మీద చిన్న యంత్రం ఆనించింది. నేను విన్నదంతా ఆమెకు చెప్పుకున్నాను. నేను మాట్లాడగలిగేది అలాంటి యంత్రంతోనే. ఆ అమ్మాయి తెర చూసి నవ్వింది. "ఈ రోజులన్నీ మీ గుండె తనంతట తనే కొట్టుకుందమ్మా. మిషను చేసిందేం లేదు. మధ్యలో కాసేపు అయస్కాంతం తగిలినట్టుంది, అప్పుడు తప్ప."

కోటిలింగం పక్కనే ఉన్నాడు. విన్నాడు. తల వంచుకున్నాడు. నాంచారమ్మ కొడుకువైపు చాలాసేపు చూసింది. కళ్లు మూసి ఉన్నా చాప మీద అన్నీ ఆమెకు వినబడ్డాయని అతనికి అప్పుడు అర్థమైంది. ఆమె ఇంటికొచ్చి ఒంట్లో కాస్త సత్తువ చేరగానే మళ్లీ రాట్నం ముందు కూచుంది. కొడుకు ఒక్క మాట అంటాడని రోజూ ఎదురుచూసింది. అతను పక్కనుంచి పోతే చాలు, ఆమె గుండె కాస్త తడబడేది. అప్పుడు మాత్రం నేను తట్టాను. ఆ దెబ్బలు నావే, ఒప్పుకుంటాను.

ఇవాళ ఈ చుట్టం పరామర్శకు వచ్చాడు. కాఫీ ఇచ్చి విశాలాక్షి చెబుతోంది. "ఆ మిషనే మా అత్తయ్యను నిలబెట్టింది. అది లేకపోతే మాకు దక్కేదా?"

"మిషనొకటే చాలదు, పక్కన మనుషులుండాల," అంటున్నాడు గురవయ్య, కండువా సర్దుకుంటూ. "రెయ్యింబగళ్లు కనిపెట్టుకుని కూచున్నాం."

చుట్టం తల ఊపి, మగ్గం మీది చీర అంచు వేళ్లతో తడిమి చూశాడు. "కోటిలింగం నేతంటే నేతేనబ్బా. ఒక్క ముడుత లేదు."

నాంచారమ్మ రాట్నం ఆపింది. మగ్గం వైపు చూసింది. కోటిలింగం కూడా ఆమెవైపు చూశాడు. అతనికి అన్నీ తెలుసు. నోరు తెరిస్తే చాలు. నేను చెవి రిక్కించాను, నా బతుకులో ఏ దెబ్బ కోసమూ అంతగా రిక్కించలేదు.

అతను తల దించి నాడె విసిరాడు.

సగం చుట్టిన కండెకు నూలు తెంపి, కొస జారకుండా దోపి, నాంచారమ్మ దాన్ని బుట్టలో పెట్టింది. లేచింది. చిన్న రాట్నం, చంకన పెట్టుకోవచ్చు. పెట్టుకుంది. లోపల నాడెలో నూలు అయిపోయినట్టుంది, మగ్గం చప్పుడు ఆగింది.

"అమ్మా, కండె!" కోటిలింగం కేకేశాడు.

ఎదురింటి అరుగు మీద పిచ్చమ్మ చాటలోంచి తలెత్తి చూసి, కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది. నాంచారమ్మ మెట్లు దిగింది. వెనక్కి తిరగలేదు. ఎండలో వీధి దాటుతుంటే ఆమె గుండె వరసగా, గట్టిగా కొట్టుకుంటోంది. నేను తట్టలేదు.