నల్ల కారుకి పక్క లైటు

ఇదీ బాగానే ఉంది, ఇందాకటిదీ బాగానే ఉంది, షాపులో ఏదైనా బాగానే ఉంటుంది, కర్టెను గుడ్డ కూడా షాపులో ధగధగలాడి ఇంటికొచ్చాక వెలవెలబోతుంది, ఈ లైట్ల షాపాయన మాత్రం ఒక్కో స్విచ్చీ వేసి నా మొహంలోకి చూస్తున్నాడు, ఎలా ఉందమ్మా అని, నేను చూసేది లైటు కాదు బాబూ, నా చేతిలో ఉన్న ఈ నల్ల డొప్ప, కారు పక్క అద్దానికి వెనకాల ఉండేది, మా తమ్ముడు పాత సామాన్లలోంచి ఏరి, నల్ల రంగు కొట్టి, పాలిష్ మెషీనుతో కావాలని గజిబిజిగా గీతలు పెట్టి, మెత్తటి గుడ్డలో చుట్టి నా సంచిలో పెట్టాడు, అక్కా, దీని మీద గీతలు నీకు ఏ లైటు కింద బాగా కనిపిస్తే అది పట్టుకురా, ఇంకేం చూడకు అన్నాడు, రేటు కూడా చూడొద్దా అన్నాను, నవ్వాడు, ఏమడిగినా నవ్వే, నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు, పైగా వస్తుంటే నాన్న వాడిన కొలత టేపు కూడా తెచ్చి ఇచ్చాడు, దర్జీ టేపు, అంకెలన్నీ ఎప్పుడో అరిగిపోయాయి, దానికి ఒకచోట పిన్ను గుచ్చి, పక్కన పెట్టే లైటు నేల నుంచి ఇంత ఎత్తులో రావాలని షాపాయనకి చెప్పు అన్నాడు, అంకె చెప్తే పోయేదానికి పిన్నెందుకురా అంటే దానికీ నవ్వే, గ్యారేజీ వాడిది, రంగు పని వాడిది, నాది సీట్లు తుడవడం, కార్పెట్లు ఉతకడం, డాష్‌బోర్డు సందుల్లో బ్రష్షు పెట్టి దుమ్ము లాగడం, కందకి లేని దురద కత్తిపీటకెందుకని గొణుక్కుంటూనే బస్సెక్కాను.

ఇది చూడండమ్మా, కార్ల పనివాళ్ళందరూ ఇప్పుడు ఇదే పెట్టించుకుంటున్నారు, అంటూ షాపాయన ఇంకో స్విచ్చి నొక్కాడు, సీలింగంతా తేనెపట్టు గళ్ళలా తెల్లటి వెలుతురు పరుచుకుంది, అబ్బ, అబద్ధమెందుకు, ప్రాణం లేచొచ్చింది, మా గ్యారేజీలో ఇది పెడితే ఫొటోలు దిగడానికే జనం కార్లు తెస్తారు, డొప్ప ఎత్తి పట్టుకున్నాను, గళ్ళన్నీ దాని మీద తేలాయి, గీత ఒక్కటి లేదు, అటు తిప్పాను, ఇటు తిప్పాను, లేదంటే లేదు, ఇందాక బస్సులో కిటికీ ఎండకి పెట్టి చూస్తే సాలెగూడులా కనిపించిన గీతలు ఏ గంగలో కలిశాయో, అన్ని వైపుల నుంచీ వెలుతురు కొడితే గీతకి నీడ పడదక్కా, నీడ పడకపోతే గీత కనపడదు, కనపడకపోతే పోయినట్టు కాదు, అని తమ్ముడే చెప్పాడు నాకు, ఈ మధ్య కుదురుగా కూర్చోబెట్టి ఇలాంటి పాఠాలు చాలా చెప్తున్నాడు, సీట్లు తుడుచుకునేదానికి ఇవన్నీ ఎందుకు చెప్మా అనుకునేదాన్ని, షాపాయన సంబరపడిపోతున్నాడు, చూశారా ఎలా మెరిసిపోతుందో అని, మెరవకేం నాయనా, ఇంత పూత పూస్తే నా మొహమూ మెరుస్తుంది.

పళ్ళ డాక్టరుగారి కారూ అలాగే మెరిసింది, మా ట్యూబులైట్ల కింద, నల్ల కారు, నల్ల కారు పాలిష్ చెయ్యడమంటే చంటిపిల్లాడికి తెల్లబట్టలు వేసి వీధిలోకి పంపడమే, గాలి తగిలినా మరక పడుతుంది, అయినా తమ్ముడు ఒళ్ళు దాచుకోకుండా చేశాడు, సాయంత్రానికి తలుపు అద్దంలా ఉంది, నేనే అందులో చూసుకుని జుట్టు సవరించుకున్నాను, డాక్టరుగారు మురిసిపోతూ తీసుకెళ్ళాడు, మర్నాడు పొద్దున్నే తెచ్చి ఎండలో ఆపాడు, అరవలేదు పాపం, రోజంతా జనం నోళ్ళలో లైటు వేసి చూసే మనిషి, చెడ్డమాట మెల్లగా చెప్పడం అలవాటు, ఒకసారి ఇలా వచ్చి చూడండి అన్నాడంతే, చూద్దును కదా, బానెట్టు నిండా సున్నాలు, మెషీను తిరిగిన జాడలు, మురికి గుడ్డతో గచ్చు తుడిచి ఆరనిచ్చినట్టు, తమ్ముడు వచ్చాడు, వంగాడు, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు, బానెట్టు మీద అరచెయ్యి ఆనించి మెల్లగా రాశాడు, ట్యూబులు పాతబడ్డాయి సార్, లైట్లు మార్చాలి, మళ్ళీ చేసిస్తాం అన్నాడు, ట్యూబులకేం రోగం, నేను తుడిచేవే కదా, నేను ట్యూబుల సంగతి ఆలోచించడం లేదు, వాడి చూపు చూస్తున్నాను, వాడు కళ్ళు చికిలించి చూస్తున్నచోట ఏమీ లేదు, సున్నాలన్నీ పక్కన ఉన్నాయి.

మరదలు చెప్పింది, తమ్ముడి పెళ్ళాం, అప్పటికే చెప్పింది, వదినా, మీకు అసలు చెప్పొద్దన్నారు, చెప్పకపోతే నా గుండె ఆగేలా ఉంది అని గ్యారేజీ వెనక కుళాయి దగ్గర బకెట్టు నిండి పొర్లిపోతున్నా పట్టించుకోకుండా చెప్పింది, కళ్ళ డాక్టరు చూశాడట, చూపులో నడిమి భాగం మసకబారుతోందట, పక్కల బాగానే ఉంటుందట, మనిషి తిరుగుతాడు, తింటాడు, సన్నటి పని మాత్రం చెయ్యలేడు, మందులతో ఉన్నది నిలబెట్టొచ్చేమో గానీ పోయింది రాదన్నాడట, అక్కకి తెలిస్తే గోల చేస్తుంది, చెప్పకు అన్నాడట వీడు, ఎంత మాట, నేను గోల చేస్తానా, చేస్తాననుకో, అది వేరే సంగతి, అంతా నాన్న పోలిక, ముక్కు నాకొచ్చింది, కళ్ళు వాడికొచ్చాయి, ఇన్నాళ్ళూ నా ముక్కు చూసి ఏడ్చుకున్నాను, ఇప్పుడు ఎవరితో చెప్పుకోను, నాన్న అంతే, సూదిలో దారం ఎక్కకపోతే దారాన్ని తిట్టేవాడు, పీచు దారం, ఇదివరకటి దారాలు కావు అనేవాడు, షాపు మార్చాడు, రకం మార్చాడు, కళ్ళ మాటెత్తితే కత్తెర విసిరికొట్టేవాడు, అమ్మ ఏమీ అనకుండా పొద్దున్నే సూదులన్నిటికీ రంగురంగుల దారాలు ఎక్కించి చిన్న దిండుకి గుచ్చిపెట్టేది, నాన్న వచ్చి తీసుకుని కుట్టుకునేవాడు, ఎవరెక్కించారని ఒక్కనాడూ అడగలేదు, ఆమె ఒక్కనాడూ చెప్పలేదు, నాన్న చేతిపని పోకుండా అమ్మ అలా కాపాడుకొచ్చింది, వీడు ఇప్పుడు లైట్లని తిడుతున్నాడు, దారం పోయి లైటొచ్చింది, అమ్మ పోయి నేనొచ్చాను, అందుకే ఆ పళ్ళ డాక్టరు కారు దగ్గర్నుంచీ వాడికంటే ముందే గ్యారేజీ తీస్తున్నాను, వాడు ముందురోజు ముగించిన కారుని ఎండలోకి తోసి, ఎక్కడ జాడలుంటే అక్కడ మెషీను పట్టి నేనే సరిచేసి, మళ్ళీ లోపల పెట్టి, ఏమీ ఎరగనట్టు కార్పెట్లు ఉతుక్కుంటున్నాను, మెషీను పట్టడం వాడు నేర్పిందే, నడుం నొప్పక్కా, ఈ తలుపు ఒక్కటీ నువ్వు చెయ్యి, ఈ డిక్కీ ఒక్కటీ నువ్వు చెయ్యి, నొక్కకు, దాని బరువు దాన్నే మొయ్యనీ, చప్పుడు విను, మూల దగ్గరకొస్తే చెయ్యి తేలిక చెయ్యి, అంటూ పక్కనే నుంచునేవాడు, నాకూ నడుముందిరా, అది ఇనుముతో చేసింది కాదు అని తిట్టుకుంటూనే నేర్చుకున్నాను, సరే, పనికొచ్చింది.

ఇది కూడా ఒకసారి చూసెయ్యండమ్మా, అందరికీ నచ్చదు, అంటూ షాపాయన పైవన్నీ ఆర్పేసి, సన్నగా పొడుగ్గా ఉన్న ఒక లైటుని పక్క నుంచి పట్టుకుని వేశాడు, అమ్మ తల్లో, డొప్ప మీద గీతలన్నీ ఒక్కసారి లేచి నుంచున్నాయి, సున్నా సున్నా విడివిడిగా, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కూడా, దాచుకోవడానికి చోటే లేదు, తమ్ముడు అడిగిన లైటు ఇదే, సందేహమే లేదు, సందేహం లేకే భయమేసింది, దీన్ని గోడకి బిగించాక ఏమవుతుంది, కారు ఆసామి వచ్చి నుంచుంటాడు, ఆయనకి కనపడుతుంది, నాకు కనపడుతుంది, టీ ఇవ్వడానికొచ్చిన మనిషికీ కనపడుతుంది, ఒక్క మా తమ్ముడికే కనపడదు, వాడి గ్యారేజీలో, వాడు పెట్టించిన లైటు కింద, వాడు చేసిన పని మీద, అదిగో అక్కడండీ అని ఎవడో వేలు పెట్టి చూపిస్తుంటే వీడు వంగి ఇంకోచోట చూస్తుంటాడు, అది నేను చూడలేను, ఆ పని తప్ప వాడికి ఇంకోటి రాదు, ఇంకోటి ఇష్టం కూడా లేదు, చిన్నప్పుడు నాన్న చెప్పులకి పాలిష్ పెట్టి మొహం కనపడుతోందా లేదా అని నన్ను పిలిచి చూపించేవాడు, గుడ్డికన్నా మెల్ల నయం అంటారు కదా, అని ఏదో సర్దిచెప్పుకోబోయి, ఆ మాట మనసులోకొచ్చినందుకే నాలిక్కరుచుకున్నాను, సామెతలకీ సమయం సందర్భం ఉండొద్దూ, పైన పెట్టేవే తీసుకెళ్తాను, తేనెపట్టువి, అందంగా ఉంటాయి, అందరూ మెచ్చుకుంటారు, గీతలుంటే నేనున్నాను, పొద్దున ఎండ ఉంది, అమ్మ సూదులకి దారం ఎక్కించినట్టు రోజూ ఎక్కిస్తాను, వానాకాలం సంగతి వానాకాలంలో చూసుకుంటాను, మరి నీకు గీతలు కనిపించాయా అక్కా అని వాడడిగితే, కనిపించాయి అని చెప్తాను, వాడు ఎలాగూ చూడలేడు కదా, ఛీ, ఎంత పాడు ఆలోచన, అయినా అంతే, పైవే ఇచ్చెయ్యండి అన్నాను.

అలాగేనమ్మా, మరి గోడ లైటుకి కొలత అని టేపు ఇచ్చారే, అది వద్దా, అన్నాడు షాపాయన, బల్ల మీద పెట్టిన టేపు విప్పుతూ, వద్దులెండి అనబోయాను, అప్పటికే ఆయన అలవాటు కొద్దీ టేపు కొస బూటు కింద నొక్కిపెట్టి నా పక్కనే నిటారుగా పైకి లాగి, పిన్ను వెతికి పట్టుకున్నాడు, ఇంతేనా, చాలా కిందకుందే, పక్క లైటు పని చేసేవాళ్ళ భుజం ఎత్తున ఉండాలమ్మా, అంతకంటే పైనుంటే ఏటవాలు పోతుంది, కిందుంటే చేతి నీడ అడ్డమొస్తుంది, మీ తమ్ముడుగారు పొట్టివారా, అన్నాడు, పొట్టివాడా, వాడు షట్టరు కింద నుంచి తల వంచుకుని రావాలి, వాడి చంకలోకి వస్తాను నేను, అనేసి పక్కకి చూద్దును కదా, పిన్ను నా భుజానికి ఆనుకుని ఉంది, సరిగ్గా భుజానికి, వెంట్రుకంత తేడా లేదు, మొన్న, మొన్న కదా, అక్కా ఇలా గోడకి ఆనుకుని నుంచో, గూనిగా కాదు, నిటారుగా అన్నాడు, నేనేమన్నా నీ స్కేలునట్రా అని విసుక్కుంటూనే నుంచున్నాను, భుజం మీద చెయ్యి వేసి గోడ మీద సుద్దతో గీత గీశాడు, నాన్న టేపు తీసుకుని కింద నుంచి గీత దాకా తడుముకుంటూ పిన్ను గుచ్చాడు, చేతికి అందిన మనిషిని కొలతకి వాడుకున్నాడనుకున్నాను, నన్నే కొలుస్తున్నాడని అనుకోలేదు, వాడి భుజానికి కాదు, నా భుజానికి, నీకు ఏ లైటు కింద బాగా కనిపిస్తే అది, అన్నాడు, నాకు అనలేదు, నీకు అన్నాడు, నడుం నొప్పి లేదు, గాడిద గుడ్డూ లేదు, మెషీను నా చేతికి అలవాటు చేశాడు, చప్పుడు వినమన్నాడు, మూల దగ్గర చెయ్యి తేలిక చెయ్యమన్నాడు, పొద్దున్నే నేను దొంగతనంగా మెషీను తీసేసరికి ఉతికి ఆరేసిన ప్యాడు దానికి బిగించి ఉండేది, ప్లగ్గు పెట్టి ఉండేది, నా వైపే ఉండేది, రాత్రి సర్దడం మర్చిపోయాడనుకున్నాను, మతిమరుపు కూడా మొదలైందని మరదలితో అన్నాను కూడా, మొద్దుమొహం నాది, కళ్ళు పోతున్నది వాడికా నాకా, కోపమొస్తోంది, నోటితో చెప్పొచ్చుగా వెధవ, అక్కా, ఇక నువ్వే చూడాలి అని ఒక్క ముక్క, చెప్తే నేను ఏడుస్తానని, గోల చేస్తానని, చేస్తాను, ఇప్పుడు మాత్రం చెయ్యడం లేదా, షాపాయన అమ్మా మంచినీళ్ళు తాగుతారా అంటున్నాడు, తాగుతాను, అమ్మ సూదులకి దారం ఎక్కించి నాన్నకి పెట్టినట్టు నేను వాడికి పెడుతున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ, నాన్న దారాన్ని తిట్టినట్టు వాడు లైట్లని తిడుతున్నాడనుకున్నాను, వాడు దేన్నీ తిట్టలేదు, నోటితో దాచాడే గానీ చేతులతో దాచలేదు, రోజూ దారం ఎక్కించి పెట్టింది వాడు, నా కోసం.

పైవి వద్దు, పక్క లైట్లే ఇవ్వండి, రెండు వైపులకీ, పిన్ను ఎక్కడుందో అక్కడికే, అన్నాను, సరిపోతుందా అమ్మా, దాని ముందు నుంచుని పని చేసేదెవరు, అన్నాడు షాపాయన, నేనే, అన్నాను.